అద్దె కారుకు అండగా ఒక చిన్న పుస్తకం

క్రెడిట్ కార్డు కవరు విప్పగానే అందరూ వెతికేది ఎన్ని పాయింట్లు వస్తాయన్న పేజీ. అదే కవరులో ఎవరూ తెరవని పుస్తకం ఒకటుంటుంది. అమెరికాలో దాని పేరు 'గైడ్ టు బెనిఫిట్స్'. సన్నటి అక్షరాలు, వరసగా నిర్వచనాలు, వాటి వెంట మినహాయింపులు. రచయిత పేరుండదు, ధర ఉండదు. ఇప్పుడైతే కాగితం కూడా లేకుండా ఆన్‌లైన్ ఖాతాలో ఒక మూల పీడీఎఫ్‌గా పడి ఉంటోంది. దీన్ని చెత్తబుట్టలో వేసేవాళ్లను తప్పు పట్టలేం. కానీ ఓపిక పట్టి చదివినవాళ్లకు ఇందులో గొప్ప పనితనం కనిపిస్తుంది. ఒక షరతు ఎందుకు అక్కడే ఉంది, ఒక అంకె ఎందుకు అంతే ఉంది, ఒక మాటను ఎందుకు అంత జాగ్రత్తగా నిర్వచించారు అని అడుగుతూ పోతే, ప్రతి ప్రశ్నకూ ఆ పుస్తకంలోనే జవాబు దొరుకుతుంది.

ఈ పరిచయానికి ఎంచుకున్నది చేజ్ బ్యాంకు సఫైర్ కార్డుల పుస్తకం. డాలస్‌లోనో, బే ఏరియాలోనో, న్యూజెర్సీలోనో నలుగురు తెలుగువాళ్లు ప్రయాణాల గురించి మాట్లాడుకుంటుంటే తరచూ వినిపించే పేర్లివి. సఫైర్ రిజర్వ్ 2016 ఆగస్టులో వచ్చింది. అప్పట్లో ఏడాదికి 450 డాలర్ల రుసుము, 2025లో అది 795 అయింది. సఫైర్ ప్రిఫర్డ్ రుసుము 95 డాలర్లు. కాబట్టి ఈ బీమాను 'ఉచితం' అంటున్నా, దాని ఖర్చు ఆ రుసుములోనూ, మనం కార్డు గీకినప్పుడల్లా దుకాణదారు కట్టే కమీషన్‌లోనూ కలిసే ఉంటుంది. బ్యాంకు ఒక బీమా సంస్థ దగ్గర అందరికీ కలిపి సామూహిక రక్షణ కొంటుంది. మనం విడిగా ప్రీమియం కట్టం, దరఖాస్తు పెట్టం, ఆరోగ్య పరీక్షలకు వెళ్లం. మరి బీమా ఎప్పుడు మొదలైనట్టు? ఆ మొదలును ఎక్కడ నాటారన్నదే ఈ పుస్తకంలో మొదట మెచ్చుకోవలసిన పని.

డబ్బు కట్టిన క్షణం

మామూలు బీమాకు పాలసీ కాగితం ఉంటుంది, దాని మీద తేదీ ఉంటుంది. ఇక్కడ ఆ కాగితం చేసే పనంతా ఒక చెల్లింపు చేస్తుంది. టికెట్టుకో కారు అద్దెకో ఈ కార్డుతో డబ్బు కట్టిన క్షణమే ఒప్పందం కుదిరిన క్షణం. సాక్ష్యం విడిగా దాచుకోనక్కర్లేదు. నెల చివర వచ్చే స్టేట్‌మెంటే సాక్ష్యం.

అయితే అన్ని రక్షణలకూ ఒకే కొలత పెట్టలేదు. విమానం ఆలస్యమైనప్పుడు వచ్చే పరిహారానికి టికెట్టు ధరలో కొంత భాగం ఈ కార్డుతో కట్టినా చాలు, ఈ కార్డు పాయింట్లతో కొన్నా చాలు. అద్దె కారుకు మాత్రం మొత్తం అద్దె ఈ కార్డు మీదో, దీని పాయింట్లతోనో కట్టాలి. ఈ తేడా మొదటి చూపులో అర్థం లేనిదిగా అనిపిస్తుంది. ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. విమానం టికెట్టులో మైళ్లు కొంత, వోచరు కొంత, పన్నులు కొంత అని ముక్కలవడం మామూలే. అక్కడ పూర్తి చెల్లింపు కావాలంటే సగం మందికి రక్షణే దక్కదు. అద్దె కారు బిల్లు అలా కాదు. అది కారు తిరిగిచ్చేటప్పుడు తేలే ఒకే బిల్లు. దాన్ని రెండు కార్డుల మీద పంచితే, నష్టం వచ్చినప్పుడు ఏ కార్డు బీమా ముందుకు రావాలన్న తగువు మొదలవుతుంది. ఆ తగువు పుట్టకుండానే ఈ షరతు అడ్డుకుంటుంది.

అందుకే బుకింగ్ ఒక కార్డుతో చేసి, కౌంటరు దగ్గర తొందరలో ఇంకో కార్డు ఇచ్చే అలవాటు ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలి. చివరి బిల్లు ఏ కార్డు మీద పడిందన్నదే లెక్క.

కౌంటరు దగ్గర ఒక సంతకం

విమానం దిగి, పెట్టెలు లాక్కుంటూ అద్దె కార్ల కౌంటరు చేరగానే అక్కడి ఉద్యోగి అడిగే మొదటి ప్రశ్న: 'కవరేజ్ తీసుకుంటారా?' దాన్నే 'కొలిజన్ డ్యామేజ్ వైవర్' అంటారు, కొన్ని కంపెనీలు 'లాస్ డ్యామేజ్ వైవర్' అంటాయి. తీసుకుంటే కారుకు దెబ్బ తగిలినా, దొంగలెత్తుకుపోయినా కంపెనీ మన జోలికి రాదు. ఊరినీ బండినీ బట్టి రోజుకు ఇరవై, ముప్ఫై డాలర్ల దాకా అవుతుంది. వారం రోజుల ప్రయాణంలో అది కారు అద్దెతో పోటీ పడే మొత్తం.

సఫైర్ పుస్తకం ఇక్కడ సూటిగా ఒక మాట చెబుతుంది: కంపెనీ ఇచ్చే ఆ వైవర్ వద్దనాలి. వద్దంటేనే కార్డు రక్షణ వస్తుంది. ఒకే నష్టానికి రెండు చోట్ల రక్షణ ఉంటే ఇద్దరూ అవతలివాడిని చూపించే ప్రమాదం ఉంది. ఒకరిని ముందే పక్కకు తప్పించడంతో బాధ్యత ఎవరిదో అద్దె ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడే తేలిపోతుంది.

ఇంకో షరతు: ఒప్పందంలో ప్రధాన అద్దెదారు పేరు కార్డుదారుదే అయి ఉండాలి. మిగతా డ్రైవర్ల పేర్లు ఆ ఒప్పందంలో రాసి ఉంటే వాళ్లకూ రక్షణ వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన నాన్నగారు సరదాగా కాసేపు నడుపుతానంటే, పేరు రాయించకుండా తాళం ఇవ్వకూడదు. అలాగే కొడుకు కార్డుతో డబ్బు కట్టి అల్లుడి పేరు మీద కారు తీసుకున్నా ఈ ఏర్పాటు పనిచేయదు.

రక్షణ ఎప్పటి నుంచి ఎప్పటి వరకన్నది కూడా తేదీలతో తేల్చేసి ఊరుకోలేదు. కారు మన అధీనంలోకి వచ్చినప్పటి నుంచి, కంపెనీ దాన్ని తిరిగి తన అధీనంలోకి తీసుకునే దాకా అని రాశారు. తెల్లవారుజామున నాలుగింటికి విమానం ఉంటే చాలామంది కారు స్థలంలో పెట్టి, తాళాలు డబ్బాలో వేసి వెళ్లిపోతారు. ఆ తరవాత, ఆఫీసు తెరిచేలోగా ఎవరైనా వచ్చి గుద్దితే? కంపెనీ ఇంకా కారును స్వాధీనం చేసుకోలేదు కాబట్టి ఆ మధ్య కాలమూ రక్షణలోనే ఉంటుంది. తేదీ, గంట రాసి ఊరుకుంటే ఆ రెండు మూడు గంటలు గాలికి పోయేవి. 'అధీనం' అన్న ఒక్క ఆలోచనతో వాటిని పట్టుకున్నారు.

ముందు వరసలో నిలబడే బీమా

అసలు ఈ పుస్తకానికి పేరు తెచ్చిన వాక్యం ఇంకోటి. సఫైర్ కార్డుల అద్దె కారు రక్షణ 'ప్రైమరీ'. అంటే నష్టం రాగానే ముందుగా డబ్బు కట్టేది ఇదే. చాలా కార్డులు ఇచ్చేది 'సెకండరీ' రక్షణ: ముందు మన సొంత కారు బీమాను పిలవాలి, అది కట్టాక మిగిలినదానికి కార్డు వస్తుంది. వీసా కార్డు నెట్‌వర్క్ మామూలుగా ఇచ్చే పథకంలో సొంత దేశంలో అద్దెకు తీసుకుంటే సెకండరీ, 15 రోజుల గడువు. పరాయి దేశంలో అయితే ప్రైమరీ, 31 రోజుల గడువు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డులతో ఉచితంగా వచ్చేదీ సెకండరీయే. ప్రైమరీ కావాలంటే ఒక్కో అద్దెకు విడిగా రుసుము కట్టి చేరాలి. అదీకాక ఆస్ట్రేలియా, ఇటలీ, న్యూజిలాండ్‌లలో అది వర్తించదు.

తేడా ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. లాస్ వేగాస్‌లో కారు తీసుకుని గ్రాండ్ కాన్యన్ వెళ్లొచ్చారనుకుందాం. పార్కింగ్ స్థలంలో ఎవరో వెనక బంపరు నుజ్జు చేసి చెప్పకుండా పోయారు. మరమ్మత్తుకు 1,900 డాలర్లు. కారు ఆరు రోజులు షెడ్డులో ఉంది కాబట్టి రోజుకు 45 చొప్పున 270. 'మరమ్మత్తు చేసినా కారు విలువ తగ్గింది' అంటూ ఇంకో 400. మొత్తం 2,570 డాలర్ల బిల్లు ఇంటికొచ్చింది.

సొంత కారు బీమాను పిలిస్తే ముందు డిడక్టబుల్, అంటే మనం భరించాల్సిన వాటా, మన జేబు నుంచి పోతుంది. అది వెయ్యి డాలర్లున్న ఇళ్లు చాలా ఉన్నాయి. పైగా క్లెయిమ్ చరిత్రలో ఒక గీత పడి, మరుసటి ఏడాది ప్రీమియం పెరగొచ్చు. కారు ఆగిపోయిన రోజుల ఆదాయ నష్టాన్ని చాలా వ్యక్తిగత పాలసీలు కట్టవు. సఫైర్ దారిలో వెళితే డిడక్టబుల్ లేదు, సొంత బీమా కంపెనీకి చెప్పే పనీ లేదు. మరమ్మత్తు డబ్బులు వస్తాయి. ఆదాయ నష్టం, కంపెనీ సరైన రుజువు చూపిస్తే, అదీ వస్తుంది. విలువ తగ్గుదల కింద అడిగిన 400 మాత్రం ఇలాంటి కార్డు రక్షణల కిందికి రాదు. 2,570లో 2,170 దాకా కార్డు మోస్తుంది.

ఆ 'రుజువు చూపిస్తే' అన్న మాటలో ఉన్న నేర్పు చూడండి. అద్దె కంపెనీ దగ్గర వంద కార్లుండి అందులో నలభై ఖాళీగా నిలబడి ఉంటే, ఒక కారు షెడ్డులో ఉన్నంత మాత్రాన దానికి పోయిన ఆదాయం ఏమీ లేదు. అందుకని పుస్తకం 'ఫ్లీట్ యుటిలైజేషన్ లాగ్' అడుగుతుంది. అంటే ఆ రోజుల్లో ఎన్ని కార్లు బయట తిరిగాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో చెప్పే చిట్టా. ఆ చిట్టా ఇవ్వడానికి కంపెనీలు తరచూ ఇష్టపడవు. ఇవ్వకపోతే ఆ పద్దు నిలబడదు. వినియోగదారుడు ఒంటరిగా అడిగితే పట్టించుకోని ప్రశ్నను బీమా సంస్థ అతని తరఫున అడిగే ఏర్పాటిది. వడ్రంగి మేకు కొట్టకుండా చెక్కలో చెక్క ఇమిడ్చినట్టు, నిర్వచనంలోనే రక్షణను ఇమిడ్చారు.

పికప్ ట్రక్కూ, పన్నెండు సీట్ల వ్యానూ

మినహాయింపుల జాబితా చదివేవాళ్లకు ఇది కోతల జాబితాగా కనిపిస్తుంది. నిజానికి దీన్ని చదివితేనే మిగతా పుస్తకం అర్థమవుతుంది. 31 రోజులు దాటిన అద్దె కుదరదు. ఎందుకంటే ఆపైన అది ప్రయాణం కాదు, సొంత వాడకం. మోటారు సైకిళ్లు, ట్రక్కులు, లిమోజీన్లు, మోటార్ హోమ్‌లు, పాతకాలపు కార్లు, మరీ ఖరీదైన స్పోర్ట్స్ కార్లు లోపలికి రావు. రిజర్వ్ కార్డు రక్షణకు పై హద్దు 75,000 డాలర్లు. మామూలు కుటుంబం తీసుకునే ఏ సెడాన్‌కైనా, ఎస్‌యూవీకైనా అది చాలు.

మన వాళ్లకు తగిలే దెబ్బలు రెండున్నాయి. మొదటిది వెనక తెరిచి ఉండే పికప్ ట్రక్కు. టెక్సస్‌లో కౌంటరు దగ్గర 'మీరు బుక్ చేసిన కారు లేదు, అదే ధరకు పికప్ ఇస్తాం' అంటే మురిసిపోయి తీసుకునేవాళ్లున్నారు. తెరిచిన సరుకు తొట్టి ఉన్న బండికి రక్షణ లేదని ఈ పుస్తకంలో స్పష్టంగా ఉంది. రెండోది పెద్ద వ్యాను. వేసవిలో అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చినప్పుడు రెండు కుటుంబాలు కలిసి నయాగరాకో ఎల్లోస్టోన్‌కో ఒకే బండిలో వెళదామనుకుంటాయి. డ్రైవరుతో కలిపి తొమ్మిది మంది దాకా పట్టే వ్యానుకు సాధారణంగా రక్షణ ఉంటుంది. పన్నెండు, పదిహేను సీట్ల వ్యానుకు ఉండదు. మినీవ్యాను ఒకటి, కారు ఒకటి తీసుకోవడం అందరూ ఒకేచోట పాటలు పాడుకుంటూ వెళ్లినంత సరదాగా ఉండకపోవచ్చు గాని, రెండూ రక్షణలో ఉంటాయి. అయితే ఒకే కార్డు మీద ఒకేసారి రెండు అద్దెలు కుదురుతాయో లేదో చూసుకోవాలి. రెండు కుటుంబాలూ చెరో కార్డు మీద తీసుకుంటే చిక్కే లేదు.

అద్దె ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే కార్డు రక్షణ కూడా పోతుందన్నది మరో షరతు. చాలా ఒప్పందాలు మట్టిరోడ్ల మీద నడపొద్దంటాయి. మాన్యుమెంట్ వ్యాలీలో అందరూ తిరిగే 17 మైళ్ల దారి మట్టిదే. అక్కడ సొంతంగా దిగేముందు ఒప్పందం తిరగేయాలి. తాగి నడపడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. వ్యక్తుల దగ్గర యాప్ ద్వారా అద్దెకు తీసుకునే కార్లు కూడా సాధారణంగా ఈ గొడుగు కిందికి రావు.

ఆరు గంటలు, ఐదు వందల డాలర్లు

కారు నుంచి విమానానికి వద్దాం. రిజర్వ్ కార్డుతో విమానం ఆరు గంటలు ఆలస్యమైనా, రాత్రి ఉండిపోవలసి వచ్చినా ఒక్కో టికెట్టుకు 500 డాలర్ల దాకా ఖర్చులు తిరిగి వస్తాయి. ప్రిఫర్డ్‌లో అదే మొత్తం, కాని పన్నెండు గంటలు ఆగాలి. భోజనం, హోటల్ గది, పళ్లపొడి, మందులు వంటివి ఇందులో వస్తాయి. లెక్క ఒక్కో టికెట్టుకు కాబట్టి నలుగురున్న కుటుంబానికి హద్దు రెండు వేలు. మంచుతుపానులో చికాగోలో చిక్కుకున్న రాత్రి ఆ హద్దు మంచి హోటలుకే సరిపోతుంది.

పెట్టెలు ఆరు గంటలకు మించి ఆలస్యమైతే రోజుకు 100 డాలర్ల చొప్పున ఐదు రోజుల దాకా అవసరమైన బట్టలూ వస్తువులూ కొనుక్కోవచ్చు. పెట్టెలు పూర్తిగా పోతే ఒక్కో ప్రయాణికుడికి 3,000 దాకా. అందులో నగలు, వాచీలకు 500, కెమెరాలు, ఎలక్ట్రానిక్ వస్తువులకు 500 మాత్రమే. పెళ్లికి వెళుతూ బంగారాన్ని చెక్ ఇన్ పెట్టెలో పెట్టేవాళ్లు ఈ 500 అంకెను గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈ పెట్టెల రక్షణ విమాన సంస్థ ఇచ్చినదానిపైన మిగిలిన లోటుకే వస్తుంది. అంతర్జాతీయ విమానాల్లో పెట్టెల విషయంలో సంస్థ బాధ్యతకు మాంట్రియల్ ఒప్పందం ప్రకారం హద్దుంది. 2024 డిసెంబరు 28 నుంచి అది ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క యూనిట్లు). ఆ డబ్బు ముందు విమాన సంస్థ దగ్గర వసూలు చేసుకోవాలి. కాబట్టి పెట్టె రాలేదని తెలిసిన వెంటనే విమానాశ్రయంలోనే ఫిర్యాదు నమోదు చేయించి కాగితం తీసుకోకుండా బయటికొస్తే, వెనకనున్న కార్డు కూడా ఏమీ చేయలేదు.

ప్రయాణం రద్దయినప్పుడు వచ్చే రక్షణ ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఒక్కో ప్రయాణానికి 20,000. తిరిగి రాని ముందస్తు చెల్లింపులకే ఇది. కారణాలు మాత్రం పుస్తకం రాసినవే: జబ్బు, గాయం, మరణం, తీవ్రమైన వాతావరణం, కోర్టు నుంచి పిలుపు వంటివి. మనసు మారితే కుదరదు. ఆఫీసులో సెలవు దొరక్కపోతే కుదరదు. వీసా రాకపోయినా కుదరదు. హెచ్1బీ స్టాంపింగ్ కోసం ఇండియా వచ్చి ఇరుక్కుపోయినవాళ్ల తిరుగు టికెట్టును ఈ పుస్తకం ఆదుకోదని ముందే తెలిసి ఉండాలి. అలాంటి ప్రయాణాలకు మార్చుకునే వీలున్న టికెట్టు కొనడమే దారి.

అంతకుముందే ఉన్న జబ్బుల విషయంలో మాత్రం ఈ పుస్తకం చాలా సున్నితంగా మెలిగింది. బీపీ, షుగరు ఉన్నవాళ్లందరినీ గంపగుత్తగా తీసిపారేయలేదు. టికెట్టుకు మొదటి డబ్బు కట్టడానికి ముందు 60 రోజుల్లో ఆ జబ్బు ఎలా ఉందన్నది చూస్తుంది. మందు మారకుండా, అదుపులో ఉన్న జబ్బును పాత జబ్బు లెక్కలో వేయదు. ఏళ్లుగా ఒకే బీపీ మాత్ర వేసుకుంటున్న తల్లిదండ్రులకు ఈ ఒక్క వాక్యం ఎంత మేలు చేస్తుందో చెప్పనక్కర్లేదు.

కుటుంబం ఎంత పెద్దది?

ఈ పుస్తకంలో తెలుగువాళ్లు రెండుసార్లు చదవాల్సిన పేజీ కుటుంబాన్ని నిర్వచించిన పేజీ. ఒక్కో రక్షణకు ఒక్కో వైశాల్యం ఉంది. విమానం ఆలస్యానికి చిన్న వృత్తం: కార్డుదారు, జీవిత భాగస్వామి, 22 ఏళ్ల లోపు ఆధారపడ్డ పిల్లలు. అమ్మానాన్నలు అందులో లేరు. ప్రయాణం రద్దుకు పెద్ద వృత్తం: తల్లిదండ్రులు, అత్తమామలు, తాతయ్య, అమ్మమ్మ, అన్నదమ్ములు, వాళ్ల జీవిత భాగస్వాములు, పిన్ని, బాబాయి, మేనల్లుళ్లు అందరూ వస్తారు. కార్డుదారు వెంట లేకపోయినా వస్తారు. ప్రయాణించేవాళ్ల జబ్బే కాదు, ఈ పెద్ద వృత్తంలో ఎవరి జబ్బయినా కారణం కావచ్చు. గుంటూరులో తాతగారు ఆస్పత్రిలో చేరారని హవాయి ప్రయాణం మధ్యలో ఆపి వస్తే, ఆ నష్టం కూడా ఇందులోకి రాగలదు.

ఎందుకీ తేడా? ఆలస్యం చిన్న ఖర్చు, తరచూ జరిగేది. రద్దు పెద్ద ఖర్చు, అరుదుగా జరిగేది. తరచూ జరిగేదానికి వృత్తం చిన్నది చేసి, అరుదైనదానికి పెద్దది చేశారు. లెక్క తప్పని పని.

ఈ పుస్తకం చేయని పని

మెచ్చుకునేవాళ్లే లోపాలూ చెప్పాలి. అద్దె కారు రక్షణ అంటే ఆ కారుకు జరిగిన నష్టం మాత్రమే. మనం గుద్దిన ఎదుటి కారు, దానిలో ఉన్న మనిషి, మన కారులో గాయపడ్డవాళ్లు, డిక్కీలోంచి పోయిన ల్యాప్‌టాప్, ఇవేవీ ఇందులోకి రావు. అమెరికాలో కుటుంబాలను దివాలా తీయించే ఖర్చు ఎదుటివారికి చెల్లించాల్సిన పరిహారం. టెక్సస్‌లో చట్టం అడిగే కనీస బాధ్యత బీమా ఒక మనిషి గాయానికి 30,000, ఒక ప్రమాదంలో మొత్తం గాయాలకు 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు. అక్కడి ఆస్పత్రి బిల్లుల ముందు ఈ అంకెలు ఎంత చిన్నవో తెలిసిందే. సొంత కారు బీమా ఉన్నవాళ్లకు దాని బాధ్యత రక్షణ అద్దె కారుకూ సాధారణంగా వెంట వస్తుంది. ఇండియా నుంచి చూసిపోవడానికి వచ్చినవాళ్లకూ, ఇంకా కారు కొనని కొత్త ఉద్యోగులకూ అది ఉండదు. అలాంటివాళ్లు కౌంటరు దగ్గర డ్యామేజ్ వైవర్ వద్దన్నా, బాధ్యత బీమాను మాత్రం అడిగి తీసుకోవాలి. ఆ రెండింటినీ కలిపి 'అన్నీ వద్దు' అనేయడం పెద్ద పొరపాటు.

వైద్యం విషయంలో కూడా ఈ పుస్తకం బక్కపలచనిదే. రిజర్వ్‌లో అత్యవసర వైద్యానికి 2,500 డాలర్లు, 50 డిడక్టబుల్. అత్యవసర తరలింపుకు లక్ష డాలర్లు ఉన్నా, ప్రయాణం ఐదు నుంచి 60 రోజుల లోపు ఉండాలి, ఇంటికి వంద మైళ్లకు మించి దూరం ఉండాలి, తరలింపు ఏర్పాటు బీమావాళ్లే చేయాలి. మనమే అంబులెన్స్ విమానం మాట్లాడుకుని తరవాత బిల్లు పంపితే కుదరదు. ఆర్నెల్లు ఉండడానికి వచ్చే తల్లిదండ్రులకు సందర్శకుల వైద్య బీమా విడిగా కొనాల్సిందే.

ఇంకో సంగతి: ఈ పుస్తకం శాశ్వతం కాదు. సిటీ బ్యాంకు 2019 సెప్టెంబరులో తన కార్డుల నుంచి ప్రయాణ బీమాలను చాలావరకు తీసేసింది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 2020 జనవరి నుంచి కొన్ని కార్డులకు ప్రయాణ రద్దు, ఆలస్యం రక్షణలు కొత్తగా చేర్చింది. ఒకరు తీసేస్తే ఇంకొకరు ఇస్తారు. ఉన్నదే అంకె మార్చి ఇచ్చే బ్యాంకులూ ఉంటాయి. పోయినేడు స్నేహితుడికి వచ్చిన క్లెయిమ్ ఈ ఏడు మనకు వస్తుందన్న హామీ లేదు.

మన దేశపు కార్డుల్లో

ఇండియాలో కార్డులతో వచ్చే ప్రయాణ బీమా తీరు వేరు. ఇక్కడ పెద్ద అక్షరాల్లో కనిపించేది విమాన ప్రమాద మరణ బీమా. టికెట్టు ఆ కార్డుతోనే కొని ఉండాలన్నది సాధారణ షరతు. ఇది కూడా బ్యాంకు పేరు మీద ఉన్న సామూహిక పాలసీయే. ఎస్‌బీఐ కార్డ్ 2025 జూలైలో తన ఎలీట్ వంటి కార్డుల మీద ఇస్తున్న కోటి రూపాయల విమాన ప్రమాద బీమాను ఆపేసింది. ఈ రకం బీమాలో డబ్బు అందుకోవాల్సింది కార్డుదారు కాదు, అతని కుటుంబం. కార్డు మీద ఇలాంటి పాలసీ ఉందని ఇంట్లో ఎవరికీ తెలియకపోతే క్లెయిమ్ అడిగేవాళ్లే ఉండరు. నామినీ వివరాలు బ్యాంకులో నింపి, ఆ విషయం ఇంట్లో చెప్పి ఉంచాలి.

కాగితాల క్రమం

క్లెయిమ్ పేజీ కూడా కథ చెప్పే క్రమంలోనే ఉంటుంది. అద్దె మొదలైనప్పటి ఒప్పందం, ముగిసినప్పటి బిల్లు, కార్డు స్టేట్‌మెంటు, దెబ్బ ఫొటోలు, వివరంగా రాసిన మరమ్మత్తు అంచనా, పోలీసు రిపోర్టు ఉంటే అది, డబ్బు కట్టమంటూ కంపెనీ రాసిన ఉత్తరం. కారు ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడిచ్చారు, మధ్యలో ఏమైంది, ఎంత అడిగారు అన్నవి వరసగా రుజువవుతాయి. గడువులూ అలాగే మూడు మెట్లు. వీసా మామూలు పథకంలో ప్రమాదం జరిగిన 45 రోజుల్లో తెలియజేయాలి, 90 రోజుల్లో ఫారం పంపాలి, మిగతా కాగితాలకు 365 రోజులు. మన చేతిలో ఉన్న పనికి తక్కువ గడువు, కంపెనీ దగ్గర నుంచి రావలసిన కాగితాలకు ఎక్కువ గడువు. అవతలివాడి బద్ధకానికి మనల్ని శిక్షించకూడదన్న మర్యాద ఆ మూడో అంకెలో ఉంది.

మొత్తం మీద సఫైర్ పుస్తకం తన పరిధి తెలిసిన రచన. చేయగలిగింది పూర్తిగా చేస్తుంది, చేయలేనిదాన్ని దాచదు. అద్దె కారు అధ్యాయం అందులో అన్నిటికంటే గట్టిది, వైద్యం అధ్యాయం అన్నిటికంటే బలహీనమైనది. కాని మీ జేబులో ఉన్నది వేరే కార్డు కావచ్చు, ఇదే కార్డయినా అంకెలు మారి ఉండవచ్చు. అందుకని తరవాతి ప్రయాణానికి టికెట్టు కొనేముందు మీ కార్డు తాజా పుస్తకం తెరిచి ఐదు సంగతులు చూసుకోండి: రక్షణ ప్రైమరీయా సెకండరీయా, ఏ బండ్లకు లేదు, ఎన్ని రోజుల హద్దు, కుటుంబంలో ఎవరెవరు వస్తారు, క్లెయిమ్‌కు గడువెంత. పుస్తకం దొరక్కపోతే కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. అడిగినవాళ్లకు పంపడం బ్యాంకు బాధ్యత.